తూకం దాకా ఆగిన ఆకులు

పరిశోధనశాలలో పెద్దకోడల్ని అందరూ ఇస్త్రీ అక్క అనేవాళ్ళు. ఆమె బల్ల మీద గాజు గొట్టాలు పొడవు వరసన నిలబడేవి. చేతి తొడుగులు సైతం మడత నలగకుండా ఉండేవి. మరిది భార్య, అంటే ఆ ఇంటి చిన్నకోడలు, ఆ పక్క గదిలోనే పనిచేసేది. ఆవిడకు పెట్టిన పేరు గబగబ. ఆ పేరెందుకు వచ్చిందో ఎవరూ అడగరు, నడక చూస్తే చాలు.

ఇద్దరి పనీ మొక్క కణం చుట్టూ ఉండే పొర గురించే. అది కొవ్వుతో అల్లిన పొర. నేలలో ఉప్పు పెరిగినా, ఆకు నలిగినా, తెగినా, అక్కడుండే ఒక ఎంజైము కొన్ని కొవ్వు అణువుల తలలు కత్తిరించేస్తుంది. మిగిలిన మొండెమే కబురు. లోపలి ప్రోటీన్లు దాన్ని గుర్తుపట్టి వచ్చి అంటుకుంటాయి. దాంతో ఆకు తన రంధ్రాలు మూసుకుని నీళ్ళు దాచుకునే పనిలో పడుతుంది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన అత్తగారికి పెద్దకోడలు ఒకసారి ఈ సంగతి చెప్పింది. ఆవిడ "గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ నోళ్ళు కూడా ఉన్నాయన్నమాట," అంది.

పెద్దకోడలు ఏళ్ళ తరబడి ఒక పొట్టి రకం మొక్కను పెంచుతోంది. ఆవాలకు దగ్గర చుట్టం, గోరంత ఆకులు. ముద్దుగా బుడ్డోడు అని పిలుచుకునేది. మామూలు రకాల్లో ఉప్పు తగిలాకే ఆ కొవ్వు కబురు పుడుతుంది. బుడ్డోడిలో మాత్రం ఉప్పు లేకపోయినా అది నిండుగా కనిపించేది. ఎప్పుడూ ఒంటికాలి మీద కాపలా కాసే మొక్క అన్నమాట. ఆ సంగతే వ్యాసంగా రాసి, తోటికోడలి పేరు కూడా చేర్చి, ఒక పత్రికకు పంపింది. వాళ్ళు వేసుకుంటామన్నారు.

ఈలోగా ఆమెకు జ్వరం వచ్చింది. పత్రికవాళ్ళు అడిగిన చివరి బొమ్మ కోసం చిన్నకోడలు తనే ఆకులు కోసి, కొవ్వు తీసి, గాజు పలక మీద పరీక్ష నడిపింది. కబురు మచ్చగా కనిపించాల్సిన చోట పలక తెల్లగా ఉంది. మళ్ళీ చేసింది. మళ్ళీ తెలుపే.

ఆ సంగతి ఆమె ల్యాబులో చెప్పి ఉంటే బాగుండేది. అన్నాల దగ్గర, అన్నదమ్ములిద్దరూ వింటుండగా చెప్పింది. "బుడ్డోడిలో ఏమీ లేదక్కా. మీ చేతిలోనే ఏదో ఉంది."

పెద్దకోడలు చెయ్యి కడుక్కుని లేచిపోయింది. చెయ్యి తిరిగిన మనిషి చేతినే తప్పు పట్టడం ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. "నిదానమే ప్రధానం అన్నారు. హడావిడి చేస్తే ఏం కనిపిస్తుంది?" అని మొగుడితో అంది, గోడ అవతలికి వినపడేలా. "ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు," అని గోడ అవతలి నుంచి వినపడింది.

ఆ తర్వాత మాటల్లేవు. ఉప్పు డబ్బా కావాలన్నా అత్తగారి ద్వారానే. ఆవిడ కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి ఇద్దరినీ వంటింట్లో నిలబెట్టింది. "ముందు తలుపు నుంచి వెనక తలుపుకి టికెట్లు కొట్టి కొట్టి రిటైరయ్యాను. మళ్ళీ ఇంట్లో ఆ ఉద్యోగం నా వల్ల కాదు. మీరే తేల్చుకోండి."

మర్నాడు పెద్దకోడలు పక్క గదికి వెళ్ళింది. రాత్రంతా నెమరేసుకున్న మాటలు పక్కన పెట్టేసింది. "నేను కోస్తాను. నువ్వు చూడు," అంది.

"ఏం మాట్లాడకూడదా?"

"మాట్లాడకుండా ఉండగలిగితే."

ఇద్దరూ మొక్కల గదిలోకి వెళ్ళారు. పెద్దకోడలు చిన్న కత్తెరతో ఆకులు ఒక్కొక్కటే కోసి, తడి పీల్చే కాగితం మీద అంచుకు అంచు తగలకుండా పేర్చింది. గోరంత ఆకులాయె, ఒక తూకానికి చాలా కావాలి. చిన్నకోడలు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పెదవి కొరుక్కుంటూ నిలబడింది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"అక్కా, మొదట కోసిన ఆకు అలా ఎంతసేపుంటుంది?"

"తూచేదాకా."

"నేను కోసింది కోసినట్టు వేడి ఆల్కహాల్లో పడేస్తాను. కొవ్వు తీశాక ఆకులు ఎండబెట్టి, అప్పుడు తూస్తాను."

పెద్దకోడలి కత్తెర ఆగిపోయింది. వేడి ఆల్కహాల్ తగిలితే తలలు కత్తిరించే ఎంజైము అక్కడికక్కడే చచ్చిపోతుంది. తగలకపోతే? తెగిన ఆకు ఊరుకోదు. కాగితం మీద పడుకున్నంతసేపూ దాని పొరలు ఆపద ఆపద అని కబురు పుట్టిస్తూనే ఉంటాయి. మామూలు రకాల్లో ఒకటి రెండు పెద్దాకులతో తూకం సరిపోతుంది కాబట్టి ఆగే పనే లేదు. ఆగింది బుడ్డోడి ఆకులే.

ఆమె కుర్చీలో కూర్చుంది. చిన్నకోడలు జేబుల్లోంచి చేతులు తీసి ఆల్కహాల్ వేడి పెట్టింది.

"చూద్దాం పద," అంది పెద్దకోడలు లేస్తూ.

కొన్ని ఆకులు కోసిన వెంటనే ఆల్కహాల్లో వేశారు, కొన్ని కాసేపు ఆగాక, కొన్ని బాగా ఆగాక. సాయంత్రానికి పలక వచ్చింది. మొదటి వరసలో తెలుపు, తర్వాత లేత మచ్చ, చివర్న ఏళ్ళుగా ఆమెకు పరిచయమున్న ఆ నిండు మచ్చ. బుడ్డోడు కాపలా కాయడం లేదు. అందరు మొక్కల్లాగే నిశ్చింతగా నిద్రపోతున్నాడు. లేపింది తన కత్తెరే.

"వ్యాసం వెనక్కి తీసుకుంటాను," అంది పెద్దకోడలు.

"నా పేరు కూడా ఉంది కదక్కా. తీసుకుంటాం అనండి." చిన్నకోడలు పలకను వెలుతురుకు పట్టి చూసింది. "అన్నాల దగ్గర అలా అనకుండా ఉండాల్సింది నేను."

"అనకపోతే ఆ తప్పు అచ్చయ్యేది."

పరిశోధనశాల అధిపతి విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామన్న ఉత్తరం ఇవాళే పంపమన్నాడు. అది పంపేసి పెద్దకోడలు ఇంటికొచ్చి మంచం మీద చాలాసేపు పడుకుంది. అత్తగారు లోపలికి తొంగిచూసి, టీ గ్లాసు పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

కానీ ఆ పలక ఆమెను వదల్లేదు. తెల్లని వరసకీ లేత మచ్చకీ మధ్య ఏ క్షణాన ఆకు మొదటి కబురు పుట్టిస్తుందో పలక చెప్పడం లేదు. కోసిన చోటే పుడుతుందా, ఆకంతా ఒక్కసారే పుడుతుందా? రెండో వారంలో ఆమె చిన్నకోడలి బల్ల దగ్గరికి తన కత్తెర తెచ్చి పెట్టింది.

ఆ మొదటి కబురును అంత వేగంగా పట్టుకోవాలంటే ఒక్కరి వల్ల కాదు. ఒకరు కొయ్యాలి, ఒకరు వేడి ఆల్కహాల్ గొట్టం పట్టుకుని సిద్ధంగా ఉండాలి. మొదటి రోజు చెయ్యీ చెయ్యీ తగిలి ఆకు నేల మీద పడింది. చిన్నకోడలు విసుక్కుంది, పెద్దకోడలు నవ్వింది. నాలుగో రోజుకి లయ కుదిరింది.

వ్యాసం తీసేశామని పత్రిక నుంచి జవాబొచ్చిన పొద్దున పెద్దకోడలు దాన్ని నిలబడే చదివింది. రెండు వాక్యాలు, చివర కృతజ్ఞతలు. పక్క గది నుంచి పిలుపు వచ్చింది.

"అక్కా, ఆల్కహాల్ వేడెక్కింది."

"వస్తున్నా," అంటూ ఆమె తొడుగులు వేసుకుంది.