గుంజుకుంటే బిగిసే తొడుగు

అంజన్న కుడిచెయ్యి పోయిన రోజున రేకులు నొక్కే ప్రెస్ షాపులో ఎవరికీ ఆ సంగతి వెంటనే తెలియలేదు. పొద్దుటి చాయ్ వేళ. మెషిన్లన్నీ ఆగి ఉన్నాయి. చుట్టుపక్కల మందుల కంపెనీల ఘాటు వాసన పైకప్పు రేకుల కింద ఎప్పటిలాగే నిలిచి ఉంది. అంజన్న చేతిలోని గ్లాసు జారి చాయ్ ప్యాంటు మీద ఒలికింది. వేడి తగల్లేదు. కిందికి చూస్తే చెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

నా చేతికేమైందో చూడు అని పక్కనున్న కిష్టప్పతో అనబోయాడు.

"సరే" అన్నాడు.

"ఏం సరేనే! చాయంత మీద పోసుకొని సరే అంటవేంది? రాత్రి దావత్ గిట్ల అయిందా?" అని కిష్టప్ప నవ్వాడు.

అంజన్న మళ్లీ చెప్పబోయాడు. మళ్లీ అదే మాట వచ్చింది. ఈసారి మూతి ఒక పక్కకు జారింది. కిష్టప్ప నవ్వు అక్కడే ఆగిపోయింది.

పక్షవాతమన్నారు. ఆస్పత్రి నుంచి కాజీపల్లిలోని కిరాయి ఇంటికి వచ్చేసరికి కాలు కొంత కుదుటపడింది. చెయ్యి మాత్రం రాలేదు. మాటల్లో ఒక్కటే మిగిలింది. ఆకలైతే సరే, కడుపు నిండితే సరే, భార్య సంగమ్మను పిలవాలన్నా సరే. లోపల మాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నోటి దాకా వచ్చేసరికి అన్నీ ఆ ఒక్క మాటే అయిపోతాయి. మొదట్లో ఆ మాట వినబడితే సంగమ్మకు ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది. "మా ఆయన ఇన్నాళ్లకు నేను చెప్పినదానికి సరే అంటుండు" అని వాడకట్టు ఆడవాళ్ల దగ్గర నవ్వేది కూడా.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో పటాన్‌చెరు ఆస్పత్రిలో, వ్యాయామం చేయించే గదిలో, విమల వాళ్లకు పరిచయమైంది. సంగారెడ్డి బజారులో పప్పుల దుకాణం నడిపేవాళ్ల అమ్మాయి. హైదరాబాదులో ఇంజనీరింగ్ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది.

"డాక్టరమ్మవా బిడ్డా?" అని అడిగింది సంగమ్మ.

"సూదులిచ్చే డాక్టర్ను కాదు చిన్నమ్మా. ఈ పని పూర్తయితే డాక్టరంటరు. ఎప్పుడైతదో మా అమ్మ రోజూ అడుగుతది."

విమల తెచ్చిన సామాను రెండు ముక్కలు. ఒకటి తలకు బిగుతుగా పట్టే గుడ్డ టోపీ. దాని నిండా చిన్న చిన్న బిళ్లలు, ఒక్కో బిళ్లకు ఒక్కో తీగ. రెండోది చేతి తొడుగు. వేళ్ల వెనక సన్నని అల్యూమినియం పట్టీలు, వాటిని లాగే తీగలు, మణికట్టు మీద చిన్న మోటారు. చెయ్యి కదపాలని మనిషి అనుకోగానే మెదడులో పుట్టే సన్నని మార్పును టోపీ పట్టుకుంటుంది, కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు మోటారును తిప్పుతుంది, తొడుగు వేళ్లను ముడుస్తుంది. మనసు నెమ్మదిస్తే తొడుగు విప్పుకుంటుంది. అట్లా చేయగా చేయగా మెదడుకు చేతి దారి మళ్లీ తెలుస్తుందేమోనన్నది విమల ఆశ.

"నీకు ఇష్టమైతేనే కాకా. చేద్దామా?" అని అడిగింది.

అంజన్న తొడుగును చూశాడు. ఇందులో చెయ్యి పెట్టాలా అని అడగబోయాడు.

"సరే" అన్నాడు.

"సూసినవా, ఎంత జల్దీ ఒప్పుకున్నడో!" అంది సంగమ్మ.

అంజన్న బతుకంతా పవర్ ప్రెస్సు దగ్గరే గడిచింది. రేకును డై అనే అచ్చు మీద పెట్టడం, చెయ్యి వెనక్కి గుంజుకోవడం, ప్రెస్సు దిగడం. పెట్టడం పనే, కానీ గుంజుకోవడమే ప్రాణం. కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది అదే. కిష్టప్ప ఒక్కసారి ఆలస్యం చేశాడు. అతని ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఆ రోజు ఆ రేకును కడిగింది అంజన్నే. మెషిన్లోకి చెయ్యి పోయిందంటే అంజన్న ఒళ్లంతా ఒక్కటే అంటుంది: తియ్యి.

ఇప్పుడు విమల ఆ చేతిని తీసి మెషిన్లో పెట్టి పట్టీలు బిగించింది.

"చాయ్ గ్లాసు పట్టుకుంటున్నట్టు అనుకో కాకా."

అనుకున్నాడు. కాసేపు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి మోటారు కీచుమంది. వేళ్లు ముడుచుకోసాగాయి. అవి తన వేళ్లు కానీ ముడుస్తున్నది తాను కాదు. తియ్యి అంది అతని ఒళ్లు. చెయ్యి ఇంచు కదల్లేదు. తొడుగు ఇంకొంచెం బిగిసింది. భయంతో మళ్లీ గుంజుకున్నాడు. ఇంకా బిగిసింది. గుంజుకున్నకొద్దీ బిగుస్తోంది.

"సూపర్ కాకా! ఏం సిగ్నలొస్తుంది!" విమల చప్పట్లు కొట్టింది.

అంజన్న ఎడమచెయ్యి బల్ల పక్కన తడుముకుంది. ఏ మెషిన్‌కైనా ఆపే బటన్ ఉంటుంది. అరచేతితో ఒక్క దెబ్బ కొడితే అన్నీ ఆగిపోయే ఎర్ర బటన్. బల్ల అంచు, బల్ల కింద, కుర్చీ చెయ్యి. ఎక్కడా లేదు.

"చిన్నమ్మా, ఆ చెయ్యి జెర పట్టుకో. అది కదిలితే సిగ్నల్ ఖరాబైతది."

సంగమ్మ వచ్చి అతని ఎడమచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అంజన్న కళ్లవెంట నీళ్లు కారాయి. అది చూసి ఆమె కూడా ఏడ్చింది, సంతోషంతో.

"సరే" అన్నాడు అంజన్న. "సరే, సరే."

ఆ తర్వాత వారంలో రెండుసార్లు ఆస్పత్రికి పోవడం మొదలైంది. ఆటో వచ్చే రోజు అంజన్నకు పొద్దుటి నుంచే ముద్ద దిగేది కాదు. ఒకసారి గడప దగ్గర దర్వాజా పట్టుకొని కదలనన్నాడు.

"ఏందయ్యా, బడికి పోనని ఏడ్చే పిల్లగాని లెక్క!" సంగమ్మ అతని వేళ్లు విడిపించింది. "చెయ్యి రావద్దా నీకు?"

చెయ్యి రావాలి. అదే అతని బాధ. ఒళ్లో పడి ఉండే ఆ చల్లని చేతిని చూస్తే అతనికి అన్నం వెగటయ్యేది. తొడుగులో ఉన్నంతసేపూ అది కదిలేది. భయపెట్టేదీ అదే, ఆశ చూపేదీ అదే. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకుంటే సగం తేలికయ్యేది.

ఆ వానాకాలంలో ఒక రోజు విమల మంచి హుషారుగా ఉంది. "మిగతా పేషెంట్లందరికంటే కాకా సిగ్నలే మంచిగుంది. ఈ రోజు పట్టు జెర పెంచుత" అంది. మోటారు తిరిగింది. అంజన్న గుంజుకున్నాడు. పిడికిలి గట్టిపడింది. వేళ్ల కణుపుల్లో నొప్పి పుట్టింది. పై నుంచి ప్రెస్సు దిగుతున్నట్టే ఉంది. అక్కడ పైకప్పు తప్ప ఏమీ లేదని తెలుసు, అయినా తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఎడమ అరచేతితో సంగమ్మ అరచేతిని కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

సంగమ్మ ఉలిక్కిపడింది. ఇన్నాళ్లూ తన చెయ్యి పట్టుకొని ధైర్యం తెచ్చుకుంటున్నాడనుకుంది. ఇది పట్టుకోవడం కాదు. అరచెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. ముఖంలోకి చూసింది. పెళ్లయినప్పటి నుంచి ఆ ముఖాన్ని చూస్తోంది, అంత బెదురు ఎన్నడూ చూడలేదు.

"బిడ్డా, ఆపు."

"ఒక్క నిమిషం చిన్నమ్మా, మంచిగ వస్తుంది."

"ఆపుమంటున్న! మనిషి సచ్చిపోతుండు!"

విమల గబుక్కున ప్లగ్గు పీకేసింది. తొడుగు సడలింది.

"భయమైతుందా?" సంగమ్మ అడిగింది.

"సరే."

"భయమేం లేదా?"

"సరే."

సంగమ్మ నెత్తి కొట్టుకుంది. తర్వాత అతని ఎడమచేతిని తన చేతిలో పెట్టుకొని, "నోటితోని చెప్పకు. అవునంటే ఒత్తు. కాదంటే ఊకుండు. భయమైతుందా?" అంది.

అంజన్న ఒత్తాడు. ఎంత గట్టిగా అంటే ఆమె గాజు ఒకటి చిట్లింది.

విమల కుర్చీలో కూర్చుంది. "కాకా, నువ్వు గ్లాసు పట్టుకుంటున్నట్టు అనుకుంటున్నవా?" అని అడిగింది. ఎడమచెయ్యి కదల్లేదు. "గుంజుకుంటున్నవా?"

ఒత్తాడు.

"కంప్యూటర్‌కు రెండూ ఒక్క తీరుగనే కనపడ్తయి చిన్నమ్మా. చెయ్యి కదపాలనుకుండు అని తెలుస్తది, అంతే. ఎటు అన్నది తెల్వది." ఆమె గొంతు తగ్గింది. "అంటే తప్పించుకుందామని సూసినప్పుడల్లా నేను గట్టిగ పట్టుకున్న. దానికి తోడు సప్పట్లు కొట్టిన."

"ఇగ వద్దా? ఇంటికి పోదామా?" సంగమ్మ భర్తను అడిగింది.

అంజన్న తొడుగులోని తన వేళ్లను చూశాడు. ఈసారి ఒత్తలేదు. సంగమ్మ మళ్లీ అడిగింది. అప్పుడూ ఒత్తలేదు.

"మరేం గావాలె?"

అతను ఎడమ అరచేతిని బల్ల మీద చరిచి, మోటారు వైపు చూశాడు. మళ్లీ చరిచి, మళ్లీ చూశాడు.

"ఆపేది కావాల్నా?" అంది విమల.

తరువాతి వారం విమల ఎడమచేతి కిందికి వచ్చేట్టు ఆపే బటన్ ఒకటి బిగించి తెచ్చింది. ఆ పూటంతా అంజన్న మోటారును ఆపడమే చేశాడు. మొదలవగానే కొట్టేవాడు, ఆగేది. విమల విసుక్కోలేదు. భయం పోలేదు. కానీ మోటారును ఆపే వీలుండడంతో, ఒకసారి తొడుగు పూర్తిగా ముడుచుకునేదాకా కొట్టకుండా ఆగగలిగాడు. గుంజుకోకుండా ఊపిరి వదిలాడు. తొడుగు దానంతట అది విప్పుకుంది.

చలికాలం మొదట్లో, ఒక పొద్దున సంగమ్మ అతనికి చొక్కా గుండీలు పెడుతోంది. అంజన్న కుడిచెయ్యి లేచి ఆమె మణికట్టును పట్టుకుంది. తొడుగు లేదు, టోపీ లేదు. ఇద్దరూ ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు.

"పట్టుకున్నవయ్యా! నువ్వే పట్టుకున్నవు!" సంగమ్మ నవ్వింది, ఏడ్చింది. కొంతసేపటికి, "ఇగ ఇడువు. పొయ్యి మీద పాలున్నయి" అంది.

అంజన్న వదలాలనుకున్నాడు. పట్టు బిగిసింది. ఇంకా గట్టిగా అనుకున్నాడు. వేళ్లు ఇంకా లోతుకు దిగాయి.

"ఇడువయ్యా, నొస్తుంది."

"సరే" అన్నాడు. ముఖం పాలిపోయింది. ఎడమచేత్తో కుడి బొటనవేలును వెనక్కి విరవబోయాడు. పాలు పొంగి పొయ్యి మీద మాడిన వాసన వచ్చింది. చివరికి సంగమ్మే అతని వేళ్లను ఒక్కొక్కటిగా తెరిచింది. మణికట్టు మీద ఎర్రగా అచ్చులు పడ్డాయి. చీర కొంగుతో కప్పుకొని, "ఏం కాలే" అంది. ఆ రోజంతా అంజన్న ఆ చేతిని ఆమెకు దూరంగా, తొడ కింద పెట్టుకొని కూర్చున్నాడు.

విమలకు చెబితే ఆమె సంతోషించింది, తర్వాత ఆలోచనలో పడింది. పట్టు ముందు వస్తుందంది. విడవడం తర్వాత వస్తుందట, కొందరికి రాదట. వేళ్లను తెరవడానికి వేరే తొడుగు చేయాలని, దాని పని ఇంకా మొదలుపెట్టలేదని చెప్పింది.

ఇప్పుడు అంజన్న కుడిచేత్తో గ్లాసు పట్టుకుంటాడు. తాగడం అయ్యాక సంగమ్మ వచ్చి వేళ్లు తెరుస్తుంది. ఆ చెయ్యి తనంతట తానుగా విప్పుకోవడం ఇంకా జరగలేదు.