మేము చేసిన గుండె

"కోడలు పిల్లా, ఆ గుండెని పొయ్యి మీంచి దించితే ఎసరు పెట్టుకుందాం" అంది మా అత్తగారు సౌభాగ్యమ్మ. "ఊళ్ళో ఆడాళ్ళు పప్పు ఉడకేస్తారు. మా ఇంట్లో గుండెకాయ ఉడుకుతోంది, అయ్యో ప్రభువా!"

నాకు నవ్వాగలేదు. వేడినీళ్ళలో మెత్తబడుతున్నది గరికపాడు దగ్గర లారీ డ్రైవరు ఇచ్చిన పాత రబ్బరు హారన్ బుడ్డి, బడి ఎగ్జిబిషన్‌లో గుండె ఎలా కొట్టుకుంటుందో చూపించడానికి. మెత్తబడ్డాక లోపల సైకిల్ ట్యూబు ముక్కలతో రెండు తలుపులు పెట్టాను. బుడ్డి నొక్కితే ఒకటి మూసుకుని ఇంకొకటి తెరుచుకోవాలి, నెత్తురు ముందుకే పోవాలి. అరవై మూడులో జగ్గయ్యపేట మిషన్ బడిలో నేను సైన్సు టీచర్ని, మా ఆయన ఆశీర్వాదం గారు హెడ్మాస్టరు. బడి నుంచి ఇద్దరం కలిసే వచ్చేవాళ్ళం. వచ్చాక ఆయన పడక్కుర్చీలోకి, నేను పొయ్యి దగ్గరికి. "సైన్సు బళ్ళో వదిలేసి రావాలి జయమణీ, వంటింట్లో నీ చెత్తేంటి?" అని రోజూ సాధింపు. ఇది జయమణి చేసింది అని జనం అనుకునే వస్తువు ఒక్కటైనా ఉండాలని నాకు ఎంత ఆశగా ఉండేదో! కూర బాగా కుదిరినా "అచ్చం మా అమ్మ చేతి కూరే" అనేవారు ఆయన.

నెత్తురు కోసం అత్తగారి తాంబూలం సున్నం తీసుకుని పసుపు నీళ్ళలో కలిపాను. ఎర్రగా తిరిగింది. అత్తగారికి సరదా పుట్టింది. "పల్చగా ఉందే, పాలిపోయిన మనిషి నెత్తురులా. ఇంకాస్త వెయ్యి" అంటూ తనే ఓ ముద్ద కలిపింది.

బడి ఎగ్జిబిషన్‌కి నందిగామ నుంచి డాక్టరమ్మ కమలాంబ గారు వచ్చారు. నేను బుడ్డి నొక్కాను. లబ్ డబ్ అనాల్సింది లబ్... బుస్స్ అంది. సున్నం తలుపు కింద పేరుకుని, తలుపు సరిగా మూసుకోవడం లేదు. నా ప్రాణం ఉసూరుమంది. డాక్టరమ్మ స్టెతస్కోపు ఆనించి విని గట్టిగా నవ్వేశారు.

"అచ్చం కవాటం కారే గుండె! ఈ చప్పుడు ఎలా ఉంటుందో నర్సు పిల్లలకి చెప్పలేక చస్తున్నాను. పాపం, ఒక్క రోగిని పట్టుకుని ఎంతమంది వింటారు? ఇంతకీ ఎవరండీ చేసింది?"

"మేమేనండీ" అన్నారు మా ఆయన, కండువా సర్దుకుంటూ.

ఒళ్ళు మండింది. సొమ్మొకడిది సోకొకడిది! వంటింట్లో 'నీ చెత్త' బడికొచ్చేసరికి 'మేము' అయిపోయింది. ఆ 'మేము' ఏనాడూ అంట్లు తోమిన పాపాన పోలేదు.

"సెలవు శనివారాల్లో నందిగామ వచ్చి మా పిల్లలకి నేర్పుతారా? మంచి చప్పుడూ కావాలి, చెడ్డ చప్పుడూ కావాలి" అన్నారు డాక్టరమ్మ.

"తప్పకుండా. మేం వస్తాం."

"నేనొస్తానండీ" అన్నాను. "చేసింది నేనే. తలుపు బాగుచెయ్యడం తెలుసు, పాడుచెయ్యడం మా అత్తగారు నేర్పారు."

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. "పేరేంటమ్మా?"

"జయమణి." ఆ పూట నా పేరు నాకే ఎంత ముద్దొచ్చిందో.

ఇంటికొస్తుంటే మా ఆయన ముఖం మాడ్చుకున్నారు. "అందరి ముందూ అలా అనేశావేంటి? మరి శనివారం వంటో?"

"మేమే చేశామని మీరేగా అన్నారు. ఆ మేములో సగం నందిగామ వెళ్తుంది. మిగతా సగం బియ్యం కడుగుతుంది."