తుడిచేసిన కూనిరాగం

ఆసుపత్రి నుంచి దర్శకుడి భార్య ఫోనులో "గొంతు తీసేశారు" అంటే, పక్కగది డప్పుల మోతలో అది స్టూడియోలో సినిమా ఎడిటర్ చెవికి "గొయ్యి తీసేశారు" అని చేరింది. అంతే, స్టూడియోకి తాళం పడింది. జట్టు జట్టంతా తెల్లపూలు పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. తీరా చూస్తే దర్శకుడు మెడకి కట్టుతో, కళ్లు తెరుచుకుని, దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పూలకేసి చూసి కాగితం అందుకుని రాశాడు: "ఈ సీను నేను రాయలేదే." అందరూ నవ్వారు. పుండు ముదిరి స్వరపేటిక తీసేశారనీ, ఇక ఆయన నోట మాట రాదనీ తెలిశాక ఆ నవ్వులే ఏడుపులయ్యాయి.

ఆయన్ని మూడిళ్లాయన అనేవారు. కథ, దర్శకత్వం, సంగీతం మూడిళ్లూ ఆయనవే. నాలుగోది, సొంతిల్లు మాత్రం పెళ్లాం మీద వదిలేశాడు. కుర్రతనంలో సర్కస్ డేరాలో క్లారినెట్ ఊదాడు. నాటకాలు రాసి ఉన్నదంతా ఊదేశాడు. ఆపైన పదకొండు సినిమాలకి రాత, తీత, మోత అన్నీ తానే మోశాడు.

ఆయనకో పద్ధతుంది. ఎడిటింగు కోత పూర్తయిన బొమ్మ చూస్తూ, సంగీతం రావలసిన చోటల్లా తానే కూనిరాగం తీసి రికార్డు చేయించేవాడు. ఆ కొలతకి వాద్యాలు వాయించాక, అదే సాయంత్రం ఎడిటర్ ఆ కూనిరాగాన్ని తుడిచెయ్యాలి. తన గొంతు సినిమాహాలు దాకా వెళ్లిందో, ఆ కత్తెర లాక్కుని తానే పట్టుకుంటానని ఎడిటర్ని ముప్ఫై ఏళ్లుగా బెదిరిస్తూనే వచ్చాడు.

మూడు వారాల తర్వాత, తయారైన చివరి సినిమా చూడటానికి భార్యతో స్టూడియోకి వచ్చాడు. వాద్యగాళ్లంతా లేచి నిలబడ్డారు. బొమ్మ అయిపోయి దీపాలు వెలిగాక, ఆవిడ ఎడిటర్ పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

"తమ్ముడూ, ఇల్లంతా వెతికాను. ఫొటోలున్నాయి, ఉత్తరాలున్నాయి. ఆయన గొంతే ఎక్కడా లేదు. ఆసుపత్రికి వెళ్లేముందు ఈ సినిమాకి పాడుకున్నది నీ దగ్గరుంటుందిగా, అది ఇచ్చెయ్యి. ఇంట్లో పెట్టుకుంటాను."

వాద్యగాళ్లలో క్లారినెట్ వాయించే ముసలాయన తనకీ ఒకసారి వినాలనుందన్నాడు. మిగతావాళ్లూ వంతపాడారు. సౌండతను అప్పుడే మీట మీద చెయ్యి వేశాడు. దర్శకుడు ఒక్కడే ఎవరివంకా చూడకుండా తన మోకాళ్లవంక చూసుకుంటున్నాడు.

ఎడిటర్ సౌండతని చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆవిడకి మెల్లగా చెబుదామనుకున్నాడు గానీ, గదిలో అప్పటికే అందరూ చెవులు రిక్కించి ఉన్నారు.

"లేదు వదినా. వాద్యాలు రికార్డయిన సాయంత్రమే తుడిచేశాను. అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడని తెలుసు. ఇక గొంతు రాదనీ తెలుసు. పది సినిమాలకి అలాగే చేశాను, దీనికీ చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది. తుడిచాక గానీ, తుడవకూడదని తోచలేదు."