తెర వెనక గాలి

ఇంగ్లండులో మా బాత్ ఊళ్ళో మంచి చేతిరాత ఎవరిదంటే నాదే. గొప్పకి చెప్పడం లేదు. మిల్సమ్ వీధిలో నా పుస్తకాల అద్దె కొట్టుకి వస్తే గోడ మీద పట్టిక కనిపిస్తుంది, అది నేను రాసిందే. అందుకే మందుల కొట్టు హెయిల్ గారి భార్య డోర్కస్ తన నవలని నాకిచ్చి శుభ్రంగా ఎత్తి రాయమంది. ఆ పిల్ల రాత కోడి కెలికినట్టు ఉంటుంది. అచ్చు కూర్చేవాళ్ళు చూస్తే పారిపోతారు.

పుస్తకం మీద తన పేరు మాత్రం వద్దంది. దయ్యాల కథలు వండే ఇంట్లోంచి వచ్చిన మందు ఎవరు తాగుతారని వాళ్ళాయన బెంగ. దాంతో లండన్‌లో పుస్తకాలు అచ్చువేసే ఫెనిక్ గారికి నవల నా చేతిరాతలో, నా కొట్టు చిరునామాతో, రాసినవాళ్ళ పేరు లేకుండా వెళ్ళింది.

మొత్తం మూడు సంపుటాలు. మొదటి రెండూ రాగానే ఊరు ఊగిపోయింది. కథలో ఒక అనాథ పిల్ల, ఆమె ఆస్తి మీద కన్నేసిన బాబాయి, కొండ మీద కోట, పడమటి గదిలో నల్లతెర. చచ్చిపోయిన పిన్ని ఆ తెర వెనకే తిరుగుతోందని బాబాయి ఆ పిల్లని బెదరగొడుతుంటాడు. రెండో సంపుటం ఆఖరి పేజీలో ఆ పిల్ల తెర మీద చెయ్యి వేస్తుంది. మూడోదింకా రాలేదు. పొద్దున్నే వేడినీటి బుగ్గ దగ్గర నీళ్ళు తాగి వచ్చే దొరసానులంతా నా బల్ల చుట్టూ చేరి ప్రాణం తోడేశారు.

"టాబిథా గారూ, తెర వెనక ఏముందో ఒక్క ముక్క చెప్పండి. మీకు పుణ్యముంటుంది!"

"చెబితే మూడోది ఎవరు తీసుకెళ్తారమ్మా?"

అప్పుడు ఊడిపడ్డాడు కెప్టెన్ లాంగ్‌స్టాఫ్. పేకాట తప్ప పని లేని మనిషి. ఆ నవల తనదేనని ఒక విందులో అన్నాడట. పేరు లేని పుస్తకానికి ఎవడైనా తండ్రే. డోర్కస్ విని నవ్వింది. తరవాత ఫెనిక్ గారి ఉత్తరం వచ్చింది. రచయిత కెప్టెన్ గారని తెలిసిందనీ, తర్వాతి నవలకి ఆయనతో ఒప్పందం రాసుకోడానికి శుక్రవారం నా కొట్టుకే వస్తున్నాననీ. దాంతో డోర్కస్ నవ్వు ఆగిపోయింది.

"మా ఆయన బెంగ ఆయన్నే పడమను అక్కా. నా పేరు నేను చెప్పేస్తాను. ఈ పుస్తకం కూడా పోతే నాదంటూ ఏం మిగల్దు" అంది. "నా పాత కాగితాలుంటే ఎంత బాగుండేది! నువ్వేమో రొట్టెల కొట్టుకి ఇచ్చేశానన్నావు."

నేను తల వంచుకున్నాను. పాత కాగితాలు రొట్టెల కొట్లో పళ్ళేల అడుగున పరవడం మామూలే కాబట్టి నమ్మింది. అవి నా సొరుగులో తాళం వేసి ఉన్నాయి. ఎందుకో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. డోర్కస్ రాసిన మూడో సంపుటంలో తెర వెనక దయ్యమూ లేదు, పిన్నీ లేదు. పగిలిన కిటికీ, ఈదురుగాలి. వందల పేజీలు గుండె చిక్కబట్టుకుని ఎత్తి రాశాక, ఆఖరికి గాలా! నాకు ఒళ్ళు మండింది. దొరసానులకి ఏం కావాలో ఈ పిల్లకేం తెలుసులే అని, పిన్ని ఆత్మని నేనే అక్కడ నిలబెట్టాను. నాలుగు పేజీలు. అచ్చయ్యాక చూసి మెచ్చుకుంటుందనుకున్నాను. తన కాగితాలు పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

శుక్రవారం ఫెనిక్ గారు వచ్చారు. కెప్టెన్ నలుగురు దొరసానులని వెంటేసుకుని వచ్చాడు. రాసింది తనేనని డోర్కస్ నిలబడి చెప్పేసింది. నేను నోరు తెరవబోతే ఫెనిక్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎత్తి రాసింది మీరు, ఆవిడకి స్నేహితురాలూ మీరే. మీ సాక్ష్యం చెల్లదు. మూడో సంపుటం ఇంకా అచ్చుకి ఎక్కలేదు, చదివింది నేనొక్కణ్ణే. తెర వెనక ఏముందో ఇద్దరూ చెప్పండి, తేలిపోతుంది."

నేను సొరుగు తాళం వైపు చూశాను.

"ఏముంటుందండీ? చచ్చిన పిన్ని ఆత్మ!" అన్నాడు కెప్టెన్.

"గాలి" అంది డోర్కస్, తొణక్కుండా. "కిటికీ పగిలింది. అంతే."

ఫెనిక్ గారు జాలిగా చూశారు. "ఏమనుకోకమ్మా. కెప్టెన్ గారు చెప్పిందే సరి" అని కలం ఆయన వైపు జరిపారు.

డోర్కస్ నా వైపు తిరిగింది. ఏడవలేదు, అరవలేదు, అర్థంకాక చూసింది. నేను నోరు మూసుకుంటే మా స్నేహం నిలిచేది. నేను సొరుగు తెరిచి, డోర్కస్ పాత కాగితాలు బల్ల మీద పెట్టాను.

"ఆ కలం అక్కడ పెట్టండి కెప్టెన్ గారూ. ఆ ఆత్మని రాసింది నేను. కాదంటే, ఆత్మ ఏం మాట్లాడిందో చెప్పండి చూద్దాం."

"ఆత్మలెక్కడైనా మాట్లాడతాయా!"

"రెండు పేజీలు మాట్లాడింది."

దొరసానులు పకపకా నవ్వారు. కెప్టెన్ టోపీ కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఫెనిక్ గారు కోడి కెలికిన కాగితాలన్నీ తిరగేసి, డోర్కస్‌కి వంగి నమస్కరించారు. తరవాత గొంతు సవరించుకున్నారు. "నిజం చెప్పొద్దూ, ఆత్మే రక్తి కట్టింది. అదే ఉంచేద్దామా?"

సిగ్గులేని నా మనసు ఒక్క క్షణం పొంగింది. డోర్కస్ ఆయన వెంట తెచ్చిన రాతప్రతి తీసుకుని నా నాలుగు పేజీలూ చదివింది.

"ఇందులో ఆ పిల్ల మూర్ఛపోయిందా అక్కా?"

"పోయింది."

"దయ్యం నిజమైతే, భయపెట్టినవాడు నిజం చెప్పినట్టేగా? బాబాయే గెలిచాడుగా? అక్కడ ఎవరూ లేరని తెలిస్తేనే ఆ పిల్ల కిందికొచ్చి కోట తాళాలు అడుగుతుంది. మొత్తం నీ చేత్తోనే రాశావు. ఇది కనపడలేదా నీకు?"

కనపడలేదు. ఆ మాటే చెప్పాను.

"గాలే ఉంటుంది ఫెనిక్ గారూ. పుస్తకం మీద డోర్కస్ హెయిల్ అని పూర్తి పేరు వెయ్యండి" అంది. కుర్చీ లాగి నన్ను చూసింది. "కూర్చో. నీ నాలుగూ తీసేసి నావి ఎత్తి రాయి. ఇక్కడే, అందరి ముందూ."

యాభై రెండేళ్ళ మనిషిని. చెవులు కాలిపోతుండగా కూర్చుని రాశాను. దొరసానులు నా భుజాల మీదుగా తొంగిచూశారు.

"అయ్యో, ఉత్త గాలేనా?" అని ఒకావిడ ఉసూరుమంది.

"తొందరెందుకమ్మా?" అన్నాను, కలం ఆపకుండా. "ఆ పిల్ల ఇంకా మెట్లు దిగనేలేదు."