దూలం చివర

ఉదయం ఏడుంబావు. మేడ మీది చెక్క బాల్కనీని మోసే దూలంలోకి కింద అరుగు మీద నిలబడ్డ కోడలి చేతిలోని స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. ఆమె పొడవలేదు. రాత్రి వానకు రంగు పొక్కిన చోట మొన ఆనించి నొక్కింది, అంతే.

బయటికి లాగితే మొనకు తడి పొడి అంటుకుని వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే నానిన అట్టలా పిండైపోయింది.

దూలం గోడలోకి దూరే చోట ఒకప్పుడు వేలెడు సందు ఉండేది. వాన నీళ్లు అందులోంచి కారిపోయేవి, గాలి తగిలి చెక్క ఆరేది. కందిరీగలు గూళ్లు పెడుతున్నాయని మామగారు ఆ సందులను సిమెంటుతో పూడ్పించారు. పైన లప్పం పెట్టించి, ఏటా వానలకు ముందు రంగు వేయించేవారు. వీధిలో అంత నిగనిగలాడే బాల్కనీ ఇంకొకటి లేదు.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే దూలానికి ఇంజెక్షనా?" మామగారు పేపరు పట్టుకుని బయటికొచ్చారు.

ఆమె పక్క దూలంలో నొక్కి చూపించింది. అదీ దిగింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

నెత్తి మీద చెక్కలు కిర్రుమన్నాయి. ఇద్దరూ పైకి చూశారు. అత్తగారు పాపను భుజాన వేసుకుని జోకొడుతూ బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆవిడ మలుపు తిరిగినప్పుడల్లా దూలం చివర నుంచి పొడి రాలి కోడలి జుట్టులో పడుతోంది.

మామగారు పిలవబోయారు. కోడలు ఆయన మోచేయి పట్టుకుంది.

"పిలవకండి మామయ్యా. పిలిస్తే రెయిలింగ్ మీదికి వంగి చూస్తారు."

తను కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తోంది, ఆవిడ అలవాటు అదే. ఎవరు పిలిచినా "ఎవరదీ?" అంటూ బరువంతా రెయిలింగ్ మీద వేసి కిందికి వంగుతారు.

కోడలు మెట్లెక్కింది. గడప దాటితే తన బరువూ తోడవుతుంది. గడప లోపలే నిలబడింది. కూలేలా ఉందని చెబితే ఆవిడ కంగారుగా పరిగెత్తుతారు. ఊరికే రమ్మంటే ఇంకో నాలుగు చుట్లు తిరుగుతారు. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి.

పాప కళ్లు మూతపడి ఉన్నాయి.

"అత్తయ్యా," గొంతు తగ్గించి అంది. "పడుకుంది. అడుగుల చప్పుడుకి లేస్తుంది. మెల్లిగా, గోడ వారగా వచ్చేయండి."

"నాకు నేర్పొచ్చావా? మీ ఆయన్ని పెంచింది నేనే," గుసగుసగానే కసిరారు అత్తగారు. కసురుతూనే పిల్లి అడుగులు వేశారు. కాలి కింద పలక ఒకటి కుంగింది. ఆవిడ ఆగిపోయారు. "ఇదేంటే, ఊగుతోంది?"

"పాప లేస్తుందత్తయ్యా. రండి."

ఇంకో రెండడుగులు. అందగానే కోడలు అత్తగారి రెక్క పట్టుకుని లోపలికి ఒక్క గుంజు గుంజింది. ముగ్గురూ మంచం మీద పడ్డారు. పాప ఏడుపు లంకించుకుంది.

"లేపావుగా! ఇంతేనా నీ జాగ్రత్త?"

వెనకాలే వచ్చిన మామగారు సంగతి చెప్పారు. అత్తగారు పాపను గుండెలకు అదుముకుని భర్త వైపు చూశారు.

"రంగులేసి, రంగులేసి... పైన పటారం, లోన లొటారం చేశారన్నమాట."

ఆయన బాల్కనీ తలుపు మూసి గడియ పెట్టారు.

"మామయ్యా," అంది కోడలు. "ఆ దూలాలు గోడ దగ్గరే ఆగిపోతాయా?"

ఆయన కాళ్ల కింది చెక్క నేలను చూశారు.

"లేదు. ఈ నేల కిందుగా లోపలి దాకా ఒకటే మాను."

కోడలు పాపను అందుకుని గోడ వారగా మెట్ల వైపు నడిచింది. ఆమె కింది మెట్టు దిగాక అత్తగారు కదిలారు. అందరికన్నా చివర మామగారు దిగారు.

మధ్యాహ్నం వడ్రంగి వచ్చి బాల్కనీ కింద దుంగలు దన్ను పెట్టాడు. తర్వాత కింది గదిలో నిచ్చెన వేసి, కప్పు పలకలు ఊడదీశాడు. గోడకు జానెడు లోపల దూలాలు మెత్తగా ఉన్నాయి. మూరెడు లోపల గట్టిగా ఉన్నాయి; కుళ్లు గది నడుమకు చేరలేదు.