మార్చకుండా మిగిలిన డైనమో

అంబాటులాంపీ ఊరు దాటాక వచ్చిన మొదటి పల్లంలోనే నైవు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. కారు చప్పుడు లేకుండా కిందికి జారసాగింది. కప్పు మీద తాళ్లతో బిగించిన పెట్టెలో అమ్మ ఉంది.

"అన్నా, ఆపకు! ఇంజను తిరగనీ," అన్నాడు వెనక సీట్లోంచి తూవు.

"పల్లంలో కూడా పెట్రోలు తగలెయ్యమంటావా? ఇన్నేళ్లుగా టాక్సీ తోలుతున్నాను. పల్లం కనబడితే నా చెయ్యి నా మాటే వినదు, నీ మాటేం వింటుంది?"

తూవు తల పట్టుకున్నాడు. రాజధానిలో టాక్సీవాళ్లందరిదీ అదే అలవాటు. ఎక్కేటప్పుడు ఇంజను, దిగేటప్పుడు దేవుడు.

ఆ రెనో కారు అన్నదమ్ములిద్దరికంటే వయసులో పెద్దది. రాజధాని ఎత్తుల్లో రోజూ ఉడికిపోయేది. అమ్మ మంచం పట్టి, "నన్ను మా ఊళ్లో, మావాళ్లంతా ఉన్న సమాధిలోనే పెట్టండి, మట్టిలో ఒంటరిగా వదలకండి," అన్ననాడే తూవు ఆ ప్రయాణం కోసం కారు విప్పాడు. కార్లకు కరెంటు పని చెయ్యడం అతని వృత్తి. పెద్ద రేడియేటర్ వేశాడు. బెల్టుతో తిరిగే పాత ఫ్యాను తీసేసి కరెంటు ఫ్యాను బిగించాడు. ఇంజను వేడెక్కితే చాలు, తాళం తీసేసినా అది బ్యాటరీ మీద తిరుగుతూనే ఉంటుంది. ముందు కొత్త లైట్లు పెట్టాడు. ఇక మిగిలింది ఒక్కటే. ఇంత కరెంటు పుట్టించలేని పాత డైనమో తీసి, ఎక్కువ కరెంటిచ్చే ఆల్టర్నేటర్ వెయ్యాలి. సరుకు తెచ్చాడు కూడా. అమ్మ ఆగలేదు.

ఇప్పుడు ఇంజను ఆగిన పల్లాల్లో డైనమో నిద్రపోతోంది. ఫ్యాను, లైట్లు కలిసి బ్యాటరీని తినేస్తున్నాయి.

"పిన్నీ, లైట్లు ఆర్పేద్దామా? పట్టపగలే కదా," అన్నాడు తూవు.

ముందు సీట్లో ఉన్న బకూలి పిన్ని గిర్రున తిరిగింది. "మా అక్కను దొంగ సరుకులా తీసుకుపోతావా? శవం ఉన్న బండికి లైట్లు వెలగాలి. ఎదురొచ్చేవాడు టోపీ తియ్యాలి!"

"బ్యాటరీ అయిపోతుంది పిన్నీ."

"అయిపోయేదాన్ని ఎందుకు పెట్టావు? బాగుచేశానని ఊరంతా చెప్పుకున్నావుగా!"

నైవు ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. లైట్ల తీగ తూవుకు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. చెయ్యి చాచాడు. పిన్ని వెక్కిళ్లు వినబడి వెనక్కి తీసుకున్నాడు.

ఊళ్లో ఉన్న మామయ్య పంపిన కబురు స్పష్టంగా ఉంది. జ్యోతిష్యుడు పెట్టిన ముహూర్తం ఇవాళే, సోమవారం. పొద్దుగుంకేలోపు సమాధి తలుపురాయి మూసేస్తారు. మంగళవారం ఆ వంశానికి నిషేధం. ఒకసారి మూశాక, ఆనవాయితీ ప్రకారం రాయి కదిలేది మళ్లీ చలికాలంలోనే.

నాలుగో పల్లంలోనూ నైవు తాళం తిప్పాడు. తూవు అతని భుజం పట్టుకుని కుదిపాడు. నైవు తిట్టాడు. కారు పల్లం దిగి, ఊరిముందు ఎర్రమట్టి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరంలో ఫ్యాను మూలుగు సన్నబడింది. లైట్లు మసకబారాయి. బానెట్ కిందనుంచి ఆవిరి బుస్సుమంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నైవు తాళం తిప్పాడు. టిక్కుమని కూడా అనలేదు.

"తొయ్యరా!"

"ఎత్తులోకి తోస్తే ఎక్కడ స్టార్టవుతుంది అన్నా? పెట్టె దింపు. మోసుకుపోదాం."

పొలాల్లో క్యారెట్లు తవ్వుతున్నవాళ్లు వచ్చి పెట్టెకు భుజమిచ్చారు. వాళ్లలో ఒకడు కారుకేసి చూసి, "మొహం పెళ్లికొడుకులా మెరుస్తోంది, లోపల ప్రాణమే లేదు," అన్నాడు. అందరూ పరుగులాంటి నడకతో ఎత్తెక్కారు. పిన్ని చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే పరుగెత్తింది.

గుట్ట మీదికి చేరేసరికి సూర్యుడు లేడు. సమాధి ముందు మామయ్య చేతులకు తడిమట్టి ఉంది. రాయి అంచులు మెత్తేశారు.

"మామయ్యా, ఒక్కసారి తెరవండి," అన్నాడు తూవు రొప్పుతూ.

"చూస్తూ చూస్తూ కూర్చున్నానురా. నా చెల్లెలు కాదూ? పొద్దు గుంకాక తెరిస్తే లోపలున్నవాళ్లు ఊరుకోరు."

"ఎల్లుండి?"

"వచ్చే చలికాలం."

నైవు తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. "నీ ఫ్యానే! పాతది పాతదిలా ఉండనిస్తే ఉడుకుతూనో కక్కుతూనో చేరేవాళ్లం!"

తూవు దగ్గర జవాబుంది. తాళం సంగతి చెప్పొచ్చు, లైట్ల సంగతి చెప్పొచ్చు. పిన్ని మొహం చూసి, అన్న చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"మట్టిలో పెట్టడానికి వెలుతురు చాలు," అన్నాడు మామయ్య. "సమాధి గోడ బయట."

తూవు పార అందుకుని గోడకు ఆనుకుని తవ్వబోయాడు.

"అక్కకి చిన్నప్పటినుంచీ ఒంటరిగా పడుకోవాలంటే భయంరా," అంది పిన్ని, ఎవరితోనో తెలియకుండా.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "అంత దగ్గరగా వద్దు తూవూ. పునాది కదులుతుంది. ఇంకాస్త ఇవతలికి జరుగు."

తూవు జరిగాడు.