ఎనభై శాతం దగ్గర

ఇస్త్రీ బల్ల మీద మొగుడి చొక్కా, చొక్కా పక్కన ఫోను, ఫోనులో శవం. పొద్దున్నే ఆమె రోజు మొదలయ్యేది అలాగే. కాలరు అయ్యాక ఒక పేజీ, చెయ్యి అయ్యాక ఇంకో పేజీ. ఐరోపా డిటెక్టివ్ నవలలంటే ఆమెకి ప్రాణం. మంచు కురిసే రేవు ఊళ్ళు, మోకాళ్ళ నొప్పుల ఇన్‌స్పెక్టర్లు, ఎవరి మాటా ఓ పట్టాన నమ్మని మనుషులు. పూర్తి ధర పెట్టి కొనుక్కునే భాగ్యమా? అందుకే వేట. ఈ-పుస్తకాల తగ్గింపు జాబితా తెల్లారేసరికి మారిపోతుందని, వరసలో మొదటి పుస్తకం కారుచౌకగా ఇచ్చి రెండోదానికి గుంజుతారని, ఓపిక పడితే ఎంత పెద్ద నవలైనా ఏదో ఒక రోజు కిందికి దిగుతుందని ఆమెకి కంఠతా వచ్చు. ఓపిక పట్టడం ఆమెకి ఒకరు నేర్పక్కర్లేదు.

చిక్కల్లా, ఖాతా మొగుడిది. ఏం కొన్నా పుస్తకం పేరూ అట్ట బొమ్మా అతని ఫోనుకి పోతాయి. భోజనాల బల్ల దగ్గర రోజూ "ఎంత శాతం అయింది?" అని ఎంతో ప్రేమగా అడుగుతాడు మహానుభావుడు. ఎనభై అన్న రోజున, ఆమె వడ్డిస్తుండగా, తీరిగ్గా "చంపింది తోటమాలి" అంటాడు. చివరి పేజీ చూసుకుంటే రెండు నిమిషాల పనట, దానికి నెలంతా చదవడమెందుకట. అత్తగారు కిసుక్కున నవ్వుతుంది. పదకొండేళ్ళ కూతురు కూడా నవ్వడం నేర్చింది. ఆమెకి గుచ్చుకునేది ఆ నవ్వే. హంతకుడెవరో తెలిసిపోయాక ఇంకేం చదువుతుంది? అలా ఎనభై శాతం దగ్గర ఆగిపోయిన పుస్తకాలు నలభై ఒకటి.

ఆ మధ్య అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చుక్కలు వేసి రెండు గంటలు కూర్చోబెట్టారు. సిగ్నల్ లేదు. ఫోనులో దిగి ఉన్నది ఒకే ఒక్క పుస్తకం, దీవిలో పాస్టరు హత్య. "పడవవాడే" అని ముందురోజే మొగుడు తేల్చేశాడు. గోడ వంక చూస్తూ ఎంతసేపని కూర్చుంటుంది, విసుగ్గా తెరిచింది. రెండు అధ్యాయాలు తిరిగేసరికి పడవవాడి శవం వలలో చిక్కి ఒడ్డుకొచ్చింది. చివరికి చంపింది పాస్టరు చెల్లెలు. మొగుడు చివరి పేజీ కాదు కదా, మొదటి పేజీ కూడా తెరవలేదు. పేరులోనో అట్ట మీదో కనబడ్డవాడి మీదికి నేరం తోసేశాడు, అంతే. వారం తిరక్కుండా ఆరు పుస్తకాలు ముగించింది. ఆరింట్లోనూ అతను చెప్పింది పచ్చి అబద్ధం. తోటమాలి చంపాడన్న పుస్తకంలో చివరికి హంతకుణ్ణి పట్టిచ్చిందే ఆ తోటమాలి.

ముందు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత భయం వేసింది. పుస్తకాల సంగతి సరే, ఈ మనిషి ఇంకా ఏమేం చెప్పాడు, తను ఏమేం నమ్మింది? ఒకప్పుడు ఆమె రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. స్లైడు రెండోసారి చూడందే రిపోర్టు మీద సంతకం పెట్టేది కాదు. అక్కడ అందరూ ఆమెని 'రెండోసారి' అనే పిలిచేవాళ్ళు. కూతురు పుట్టిన నాలుగో రోజున అతను ఆసుపత్రి మంచం పక్కన నిలబడి చెప్పాడు, "మీ ల్యాబువాళ్ళు ఫోన్ చేశారు. నీ చోట్లో వేరేవాళ్ళని పెట్టుకున్నారట. వెళ్ళి దేబిరించకు, నా పరువు పోతుంది." కుట్లు లాగుతుంటే ఏడ్చింది. పదకొండేళ్ళుగా ఆ వీధి మొహం చూడలేదు.

ల్యాబులో పెద్దదిక్కుగా ఉండే ఆవిడని అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ పాత నంబరు ఇంకా తన దగ్గర ఉంది. మర్నాడు పొద్దున చొక్కాలన్నీ అయ్యాక ఫోను చేసింది.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా తల్లీ?" అంది పెద్దక్క. "మానేస్తున్నానని సంతకం పెట్టి మీ ఆయన చేత కాగితం పంపావుగా. అయినా మనసు మార్చుకుంటావేమోనని ఆర్నెల్లు నీ కుర్చీ ఖాళీగా ఉంచాను."

సంతకం! గుర్తొచ్చింది. పక్కలో పసిపిల్ల, ఎదురుగా కాగితాల కట్ట, "బీమా కాగితాలు, ఇక్కడ పెట్టు, ఇక్కడ కూడా" అంటూ అతని వేలు. పెట్టింది. రెండోసారి మాట దేవుడెరుగు, మొదటిసారి కూడా చూడకుండా పెట్టింది.

పెద్దక్క దాచకుండా చెప్పింది. ఇప్పుడు స్లైడ్లు చూసేది యంత్రాలేనట, ఆమె నేర్చిన పని ఎవరికీ అక్కర్లేదట. గాజు సీసాలు కడిగి నమూనాలు సర్దే పని ఒక్కటే ఖాళీ ఉందట, అది చెప్పడానికి నోరు రావడం లేదట. వస్తానంది ఆమె.

మరుసటి వారమంతా తగ్గింపు జాబితా జల్లెడ పట్టి, అట్ట మీద డాక్టరు బొమ్మ ఉన్న నవల ఒకటి ఏరి కొన్నది. మొగుడు అడిగినప్పుడల్లా శాతం పెంచుకుంటూ పోయింది. ఆదివారం భోజనాల దగ్గర "ఎనభై" అంది.

"చంపింది డాక్టరు," అన్నాడు.

అత్తగారు నవ్వింది. కూతురు నవ్వింది. ఆమె గరిటె కింద పెట్టి, ఫోను కూతురి చేతికిచ్చి, మొదటి పేజీ పైకి చదవమంది. పిల్ల హుషారుగా అందుకుంది. మొదటి వాక్యంలోనే డాక్టరు మెట్ల కింద చచ్చిపడి ఉన్నాడు. పిల్ల ఆగి తండ్రి మొహంలోకి చూసింది. ఈసారి నవ్వలేదు.

"తమాషాకి అన్నాన్లే," అన్నాడతను ప్లేటులోకి చూస్తూ.

"ఆసుపత్రిలో నా చేత బీమా కాగితాలని సంతకం పెట్టించిందీ తమాషాకేనా?"

ఆమె మళ్ళీ గరిటె అందుకుని అత్తగారికి వడ్డించింది.

"రేపట్నుంచి ల్యాబుకి వెళ్తున్నాను, సీసాలు కడగడానికి. వాళ్ళ కాగితం మీద సంతకం కూడా అయిపోయింది. ఈసారి చదివి పెట్టాను."